తట్టింది ఒకటా, రెండా?

కిందటి వారం పిట్టను మేడమీద భోజనాల బల్ల దగ్గర వదిలేసి వచ్చాం. పాపం ఆ పిల్ల కంచంలో చెయ్యి పెట్టుకుని, గొంతులో మాట పెట్టుకుని కూర్చుని ఉంది. డెంటల్ కాలేజీలో సీటొచ్చింది. చేరతానో చేరనో రేపు సాయంత్రంలోగా చెప్పాలి. చెప్పాల్సింది పిట్ట. చెబుతున్నది మాత్రం మావయ్య. "అయిదేళ్ళ చదువు శుద్ధ దండగే పిట్టా, పని వచ్చేశాక పట్టా ఎందుకు?" అని ఆయన ఒక పక్క, "మావయ్య చెబుతున్నాడు కదే, వినవే" అని అమ్మ ఇంకో పక్క. పై దవడ ఒకరు, కింది దవడ ఒకరు, మధ్యలో నాలుకలాగా పిట్ట. ఆ నాలుక కదిలేలోపే కింద క్లినిక్కు గంట మోగింది. తలుపు తీస్తే ఎదురుగా అనౌన్సరమ్మ. వారం కిందట ఇక్కడే పన్ను పీకించుకుని వెళ్ళిన మనిషి, చెంప మీద తువ్వాలు అదిమిపెట్టుకుని నిలబడి ఉంది.

రైల్వే స్టేషన్లో ఏ బండి ఎప్పుడొస్తుందో మైకులో చెప్పేది ఆవిడే. ఊళ్ళో ఆవిడ ముఖం తెలిసినవాళ్ళు పదిమంది ఉంటే, గొంతు తెలియనివాళ్ళు పదిమంది ఉండరు. నోటితో బతికే మనిషికి నోట్లోనే నిప్పంటుకుంది.

"పన్ను టైముకే బయల్దేరింది డాక్టర్ గారూ," అంది మాట మింగుతూ. "నొప్పి మాత్రం ఇంకా ప్లాట్‌ఫారం మీదే ఉంది."

మావయ్య నవ్వలేదు. రెండు చేతులూ తెల్లకోటు జేబుల్లోకి ఇంకాస్త లోతుగా తోసుకున్నాడు.

ఆ జేబుల సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. మావయ్య పేరున్న పళ్ళ డాక్టరు. పళ్ళ ధ్యాసలో పడి పెళ్ళి మాటే మరిచిన మనిషి. ఊళ్ళో సగం నవ్వులు ఆయన చేతి చలవే. అలాంటి చేతికి కొంతకాలంగా వణుకు పట్టుకుంది. డిగ్రీ గోడ మీద ఫ్రేములో ఉంది, వణుకు కోటు జేబులో ఉంది. డిగ్రీ అందరికీ కనిపిస్తుంది, వణుకు ఇంట్లో వాళ్ళకి తప్ప ఎవరికీ కనిపించదు. మరి పళ్ళెవరు పీకుతున్నట్టు? పిట్ట.

పేషెంటు కుర్చీలో వెనక్కి వాలగానే "కళ్ళలో లైటు కొడుతుందమ్మా" అని ముఖం మీద ఆకుపచ్చ గుడ్డ కప్పేవారు. నోటి దగ్గర చిల్లు ఉంటుంది. ఆ పైన మావయ్యా మేనకోడలూ చోట్లు మారేవారు. మాట మావయ్యది, చెయ్యి పిట్టది. "కొంచెం చురుక్కుమంటుందమ్మా" అని ఆయన అంటాడు, చురుక్కుమనిపించేది ఈ పిల్ల. అయితే ఏ పన్ను పీకాలో పేషెంటు వింటుండగా పిట్టకి చెప్పడం ఎలా? దానికీ ఓ ఏర్పాటుంది. మావయ్య వెనక నిలబడి పిట్ట భుజం మీద వేలితో తడతాడు. పక్కపక్కన ఉన్న రెండింట్లో ముందుదైతే ఒకసారి, వెనకదైతే రెండుసార్లు. మేనకోడలి భుజం తట్టే మావయ్యలు లోకంలో బోలెడంతమంది. వాళ్ళు తట్టేది పిల్ల పైకి రావాలని. ఈయన తట్టేది పన్ను పైకి రావాలని, పిల్ల మాత్రం ఉన్నచోటే ఉండాలని!

"నోరు తెరవండమ్మా," అన్నాడు మావయ్య.

పిట్ట చిన్న అద్దం లోపల పెట్టి పట్టుకుంది. మావయ్య వంగి చూశాడు. పిట్టా చూసింది. వారం కిందట పీకిన చోట గుంట చక్కగా మానుతోంది, వంక పెట్టడానికి లేదు. దాని ముందున్న పన్ను చుట్టూ మాత్రం చిగురు ఎర్రగా ఉబ్బి, వేలు పెడితే పగిలేలా ఉంది.

మావయ్య లేచి, గోడకున్న లైటు పెట్టె వెలిగించి వారం కిందటి ఎక్స్‌రే తగిలించాడు. దాన్ని చూశాడు. చూస్తూనే ఉన్నాడు. ఆయన మెడ మీద నరం ఒకటి లేచి పడింది. పిట్ట ఆ నరాన్ని చూసింది. ఎక్స్‌రే వైపు చూస్తే తనకి మబ్బు పట్టిన ఆకాశం తప్ప ఏమీ కనబడదు, కానీ మావయ్య ముఖం చదవడానికి ఏ కాలేజీలోనూ చేరక్కర్లేదు.

ఆయన వెనక్కి తిరిగేసరికి ముఖం మీద డాక్టరు చిరునవ్వు తగిలించుకుని ఉన్నాడు.

"చూడండమ్మా, లోపలి చీము పక్క పన్నుకి పాకింది. ఇలా అప్పుడప్పుడూ అవుతుంటుంది. దీన్ని కూడా తీసేశామనుకోండి, పీడ వదిలిపోతుంది."

"అప్పుడూ ఇదే పీడ అన్నారు."

"అది పెద్ద పీడ. ఇది దాని చెల్లెలు."

"డాక్టర్ గారూ," అంది పిట్ట. పేషెంట్ల ముందు అలాగే పిలవాలని రూలు. "ఒక్కసారి లోపలికి రండి."

"పిట్టా, ముందు సూది సిద్ధం..."

"ఒక్కసారి రండి."

లోపలి గదంటే పనిముట్లు ఉడకబెట్టే చిన్న గది. పెట్టెలోంచి వేడివేడి పటకార్లు తీసి ట్రేలో పేరుస్తోంది అమ్మ. ఇద్దరి ముఖాలూ చూసి చేతిలోది చేతిలోనే ఉంచేసింది. మావయ్య వస్తూనే కుళాయి తిప్పేశాడు, మాటలు బయటికి పోకుండా.

"ఏ పన్ను పాడైంది మావయ్యా?" అంది పిట్ట.

"రెండూ..."

"మావయ్యా."

కుళాయి నీళ్ళు పోతున్నాయి. ఆయన నీళ్ళు నమిలాడు.

"ముందుది," అన్నాడు చివరికి. "పాడైంది ముందుది. నేను ఒక్కసారే తట్టాను. నువ్వు వెనకది లాగేశావు. ఆ సంగతి ఇప్పుడు ఎక్స్‌రే చూశాకే తెలిసినా, పోనీలే అని ఊరుకున్నాను. నిన్ను ఒక్క మాటన్నానా?"

పిట్ట తన కుడిచేతి వంక చూసుకుంది. మంచి పన్ను! ఏ పాపమూ ఎరగని పన్నుని, వేళ్ళతో సహా, తన చేత్తో పెకలించి పారేసింది. అది ఊడి వచ్చినప్పుడు గట్టిగా ఉందని, తేలిగ్గా లొంగలేదని, తను లోలోపల పొంగిపోయింది కూడాను. "శభాష్" అన్నట్టు మావయ్య తలూపాడు. దొంగతనం చేసిన చేతికి గాజులు తొడిగినట్టయింది.

"మీరు రెండుసార్లు తట్టారు," అంది.

అమ్మ తలెత్తింది. పుట్టి బుద్ధెరిగాక పిట్ట మేనమామని ఇంట్లో 'నువ్వు' తప్ప వేరే మాట అనలేదు. చనువున్న నోటి నుంచి మర్యాద వచ్చిందంటే, ఏదో తెగిందన్నమాటే.

"ఒక్కసారే తట్టానంటుంటే!"

"మీరు ఒక్కసారే తట్టారు మావయ్యా. రెండోసారి తట్టింది మీ వణుకు."

ఆ మాటతో ఆయన చేతులు జేబుల్లోనే ఉలిక్కిపడ్డాయి. కోటు అంచు రెపరెపలాడింది. ముఖం కందగడ్డయింది.

"అంటే తప్పంతా నాదేనంటావు."

"తప్పు ఎవరి తలకి చుడతాం చెప్పండి? మీ వేలు చెప్పింది, నా చెయ్యి చేసింది. మధ్యలో తల ఎవరు వాడారు? ఆ ఎక్స్‌రే ఆ రోజు నా ఎదురుగానే వేలాడుతోంది. నాకు చదవడం వచ్చుంటే మీరు రెండు తట్లు కాదు, తబలా వాయించినా మంచి పన్ను ముట్టుకునేదాన్ని కాదు."

"ఎక్స్‌రే చదవడం ఎంతసేపే? నాలుగు రోజుల్లో నేర్పి పారేస్తాను. దానికోసం అయిదేళ్ళు తగలేస్తావా?"

"నాలుగు రోజుల పనైతే, ఇన్నాళ్ళూ ఎందుకు నేర్పలేదు?"

మావయ్య నోరు తెరిచాడు. జీవితమంతా ఊళ్ళోవాళ్ళ నోళ్ళు తెరిపించిన మనిషి, తన నోరు తెరిచి ఏం చెయ్యాలో తెలియక మళ్ళీ మూసేసుకున్నాడు.

పిట్టకి అప్పుడు తెలిసింది. సూది ఎలా పొడవాలో నేర్పాడు, పటకారు ఎక్కడ పట్టాలో, మణికట్టు ఎలా తిప్పాలో, కుట్టు ఎలా వెయ్యాలో అన్నీ నేర్పాడు. ఎక్స్‌రే మాత్రం నేర్పలేదు. ఎప్పుడడిగినా "అదంతా నేను చూసుకుంటాలేవే" అనేవాడు. నేర్పితే ఆయన వేలు అక్కర్లేదు. వేలు అక్కర్లేకపోతే మనిషే అక్కర్లేదు. చేతులు మేనకోడలివి అరువు తీసుకుని, కళ్ళు మాత్రం తన దగ్గరే తాళం వేసి దాచుకున్నాడు. పైగా వచ్చిన చుట్టానికల్లా "మా పిట్ట డాక్టర్లకే డాక్టరు, దీనికి డిగ్రీ ఎందుకండీ?" అని గొప్పలు! పంజరానికి బంగారు పూత పూసి, పిట్టని పొగుడుతున్నామనుకోమనడం అంటే ఇదే. తను మేడెక్కి కూర్చుని నిచ్చెన పైకి లాగేసుకున్న పెద్దమనిషి, కింద ఉన్నవాళ్ళతో "మేడ మీద ఏముందర్రా, ఉత్త గాలి" అంటే, ఆ గాలి ఒక్కసారి పీల్చి చూద్దామని ఎవరికి ఉండదు?

"ఆవిడకి చెప్పేస్తాను," అంది పిట్ట.

"ఏమని?" మావయ్య గొంతు తగ్గింది. తగ్గిన కొద్దీ పదునెక్కింది. "ఏమని చెబుతావే? 'మీ పన్ను పీకింది డాక్టరు కాదు, నేను' అనా? చెప్పు. వెళ్ళి చెప్పు. నా బోర్డు పీకేస్తారు, సరే, నాకు వయసైపోయింది. కానీ చదువూ సంధ్యా లేకుండా జనం పళ్ళు పీకిన పిల్లని ఏ కాలేజీ గుమ్మం తొక్కనిస్తుందనుకున్నావ్? నా బోర్డు కంటే ముందు నీ సీటు ఊడుతుంది. నీకు డిగ్రీ కావాలంటే నోరు మూసుకోవాలి. నోరు తెరిస్తే డిగ్రీ లేదు. ఏది కావాలో నువ్వే ఏరుకో."

"అన్నయ్యా, దాన్ని బెదిరిస్తున్నావేంటి?" అంది అమ్మ.

"బెదిరించడం కాదే చెల్లాయ్, లోకం ఎలా ఉంటుందో చెబుతున్నాను."

అమ్మ పిట్ట చెయ్యి పట్టుకుంది. అమ్మ వేళ్ళు వేడి పటకార్ల తడితో చురుక్కుమన్నాయి.

"వద్దే తల్లీ. ఈ ఒక్కసారికి ఊరుకో. రేపు కాలేజీకి వెళ్ళి చేరతానని చెప్పెయ్యి, అన్నయ్యని నేను ఒప్పిస్తాను. నీ చదువు కోసమైనా నోరు మూసుకో."

ఇంతసేపూ చదువొద్దన్న అమ్మ ఇప్పుడు చదువు ఆశ చూపించి నోరు మూయిస్తోంది! పిట్టకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. తనకి కావలసింది చదువే, కాకపోతే దాని ఖరీదు ఆ కుర్చీలో చెంప పట్టుకుని కూర్చున్న మనిషి. ఆవిడకి అబద్ధం చెప్పి, రెండో పన్ను కూడా గుడ్డ కప్పి పీకేసి, రేపు కాలేజీలో మొదటి క్లాసులో మొదటి బెంచీలో కూర్చోవాలి. పునాది రాయి దొంగ రాయైతే పైన ఎన్నంతస్తులు లేపినా ఏం లాభం?

"అలా వచ్చే డిగ్రీ, డిగ్రీ కాదమ్మా," అంది. "అదీ ముఖం మీద కప్పుకునే గుడ్డే."

కుళాయి కట్టేసి బయటికి నడిచింది.

అనౌన్సరమ్మ కుర్చీలో కళ్ళు మూసుకుని ఉంది. అడుగుల చప్పుడుకి కళ్ళు తెరిచింది. పిట్ట మూతికున్న మాస్కు కిందికి లాగేసుకుంది.

"అక్కా, చీము పాకడం అబద్ధం. మీకు మొదట్నుంచీ పాడైంది ఈ ముందు పన్నే. ఆ రోజు దాని వెనకున్న మంచి పన్ను పీకేశాం. పీకింది డాక్టర్ గారు కాదు. నేను. నాకు డిగ్రీ లేదు, డాక్టర్ గారి చేతికి పట్టు లేదు. తప్పు ఇద్దరిదీ. మీరు ఎవరికి చెప్పాలనుకుంటే వాళ్ళకి చెప్పండి. నా పేరు కూడా చెప్పండి."

అనౌన్సరమ్మ చెంప మీది తువ్వాలు తీసేసింది. నాలుకతో ఆ ఖాళీ గుంటని తడుముకుందేమో, చెంప ఒకచోట కదిలింది.

"అయితే ఆ ఆకుపచ్చ గుడ్డ లైటు కోసం కాదన్నమాట."

"కాదక్కా."

"పొద్దస్తమానం 'ప్రయాణికులు దయచేసి గమనించగలరు' అని మైకులో అరుస్తానే నేను! ఊరందరినీ గమనించమని, నా నోట్లో ఏం జరుగుతోందో నేను గమనించుకోలేదు." ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది నొప్పో కోపమో పిట్టకి తెలియలేదు. "మీరు మనుషులేనా? గట్టి పన్ను! ఇంకో ముప్పయ్యేళ్ళు నమిలేదాన్ని దాంతో. ఏమయ్యా డాక్టరూ, తలుపు చాటున నిలబడ్డావేం? రా, ముందుకి రా."

మావయ్య ముందుకొచ్చాడు. 'గారూ' ఊడిపోయిన తన పేరుని మోసుకుంటూ వచ్చాడు.

"అమ్మా, మీరు ఆవేశపడితే నొప్పి..."

"నొప్పి సంగతి నువ్వు నాకు చెప్పకు!" అని అరవబోయి, దవడ పట్టుకుని ముడుచుకుపోయింది. ఊపిరి సర్దుకున్నాక పిట్ట మణికట్టు పట్టుకుంది.

"తిట్లు తర్వాత తిడతాను. కేసు తర్వాత పెడతాను. ముందు ఈ పన్ను తియ్యి."

"అక్కా..."

"నువ్వే తియ్యి. ఆ రోజు నొప్పి తెలియకుండా తీశావు, చెయ్యి మంచిదే. మంచి పన్నుని అంత బాగా పీకినదానివి, చెడ్డదాన్ని పీకలేవా? డిగ్రీ గిగ్రీ రేపు చూసుకోవచ్చు. వారం నుంచి నిద్ర లేదే తల్లీ. తీసెయ్యి."

మావయ్య ముఖం వెలిగింది. ఆరిపోబోయే దీపానికి నూనె చుక్క దొరికినట్టు వెలిగింది. "విన్నావా? నేనన్నానా? బాధపడ్డ మనిషే అడుగుతోంది. ఎవరికి కావాలే నీ పట్టా?"

"తీసెయ్యవే," అంది ట్రే పట్టుకుని వెనకే వచ్చిన అమ్మ. "పాపం, ఆవిడ ముఖం చూడు."

పిట్ట చూసింది. వేళ్ళు వాటంతటవే పటకారు కోసం తడుముకున్నాయి. పని అలవాటైన చేతికి బుద్ధి ఉండదు, ఆకలి ఉంటుంది. పళ్ళు బిగించి ఆ చేతిని వెనక్కి లాక్కుంది.

"తియ్యను."

"ఏమే, పగా?" అంది అనౌన్సరమ్మ.

"పగ కాదక్కా. వాపు ఇంతున్నప్పుడు మత్తు సూది సరిగ్గా పనిచెయ్యకపోవచ్చని ఈయనే ఓసారి అన్నారు. ఎందుకు పనిచెయ్యదో నాకు తెలియదు. పనిచెయ్యకపోతే ఏం చెయ్యాలో తెలియదు. లోపల చీము పన్ను దాటి ఇంకెక్కడికైనా పోతే ఎలా కనిపెట్టాలో అసలే తెలియదు. నాకు వచ్చింది లాగడం ఒక్కటే. లాగడం ఎవరికి రాదు? పెద్దాసుపత్రిలో పళ్ళ డాక్టర్లున్నారు. బండి పిలుస్తాను, నేనే తీసుకెళ్తాను. ఏం జరిగిందో మీ పక్కన నిలబడి వాళ్ళకి నేనే చెబుతాను. నా సీటు ఉంటే ఉంటుంది, పోతే పోతుంది."

"అక్కడిదాకా ఈ తలకాయని మొయ్యలేనే..."

"మోద్దాం. ఇద్దరం మోద్దాం. లేవండి."

"ఆగండి!" అన్నాడు మావయ్య.

ఆ గొంతు పాతది. అసలు డాక్టరు గొంతు. ఎన్నో ఏళ్ళ కిందట, ఏడ్చే పిల్లల్ని ఒక్క మాటతో ఊరుకోబెట్టిన గొంతు. అనౌన్సరమ్మ సగం లేచిందల్లా ఆగింది.

"పెద్దాసుపత్రట! నా పేషెంటుని, నా కుర్చీలోంచి, ఇంకొకడి దగ్గరికి తీసుకెళ్తుందట!" ఆయన పిట్ట వైపు చూడటం లేదు, గోడ మీది ఫ్రేము వైపు చూస్తున్నాడు. "చదువు చదువని చంపుతున్నావుగా. చదువుకున్నవాడు ఎలా పీకుతాడో చూద్దువుగాని."

జేబులోంచి చెయ్యి బయటికి తీశాడు.

ఆ చెయ్యి ఇంత వెలుతురులోకి వచ్చి ఎంత కాలమైందో. అమ్మ చేతిలోని ట్రేలోంచి పటకారు లాక్కున్నాడు. లాక్కోవడంలో మిగతావన్నీ గణగణమంటూ నేల మీద చెల్లాచెదురయ్యాయి. "అన్నయ్యా! వద్దన్నయ్యా!" అంది అమ్మ. ఆయన వినలేదు. మత్తు లేదు, మాస్కు లేదు. ఎడమచేత్తో అనౌన్సరమ్మ గడ్డం పట్టుకుని తల వెనక్కి వంచాడు.

"నోరు తెరవండమ్మా. ఒక్క క్షణం."

అలవాటు చెడ్డది. డాక్టరు తెరవమంటే నోళ్ళు తెరుచుకుంటాయి. ఆవిడ నోరూ తెరుచుకుంది. తెరిచాక, పైనుంచి దిగుతున్న పటకారుని చూసింది. అది నిలకడగా దిగడం లేదు. గాలిలో పిచ్చిపిచ్చిగా రాస్తూ, ఓసారి పెదవి మీదికి, ఓసారి కంటి మీదికి ఊగుతూ వస్తోంది. ఆవిడ గొంతులోంచి ఊరంతటికీ తెలిసిన ఆ గొంతు రాలేదు, సన్నటి మూలుగొకటి వచ్చింది.

పిట్టకి దారులు రెండే మిగిలాయి. ఆ పటకారు మావయ్య చేతిలోంచి తీసుకుని, ముట్టనన్న పని తనే చెయ్యడం. లేదంటే, చూస్తూ ఊరుకోవడం. ఇంట్లో అందరూ ఆమె మొదటి దారి పడుతుందనే చూస్తున్నారు. మావయ్య కూడా, ఇంత కోపంలోనూ, ఓరకంట అదే చూస్తున్నాడు.

పిట్ట రెండూ చెయ్యలేదు. ఒక్క అంగలో ముందుకి దూకి, తెరిచి ఉన్న ఆ నోటి మీద తన కుడి అరచెయ్యి అడ్డంగా పెట్టేసింది.

పటకారు ఆగలేదు.